నీటిచుక్క సాక్ష్యం

"నాలుగింటికి కోర్టు, వదినా. అంతవరకే నీకు టైము," అన్నాడు ఇన్‌స్పెక్టరు గోడ గడియారం వైపు చెయ్యి చూపించి. "ఆ తరవాత ఆ అమ్మాయి మీద హత్యానేరం రాసి పంపించేస్తాను. నువ్వు అరిచి గీపెట్టినా ఆగేది లేదు."

టైము పదకొండూ ఇరవై. డిటెక్టివ్ నోటుపుస్తకంలో ఆ అంకె వేసుకుంది. ఒళ్లు మండింది గానీ పైకి తేలనివ్వలేదు. భర్త పోయి ఏడేళ్లయింది. పోలీసు ఉద్యోగంలో ఉన్న ఈ మరిది మాత్రం ఏ కేసు పట్టుకున్నా ఎదురవుతూనే ఉన్నాడు. ఆవిడ ప్రైవేటు డిటెక్టివ్ అయిన దగ్గర్నుంచీ ఇద్దరికీ క్షణం పడదు. ఆవిడకి జ్వరమొస్తే మందులు తెచ్చిపెట్టేది కూడా ఇతనే, అది వేరే సంగతి.

"ముందు ఆ పిల్లతో మాట్లాడనీ."

"మాట్లాడు, మాట్లాడు. నాలుగు రోజులుగా ఒకటే పాట. స్విచ్చి వేశాను, స్విచ్చి వేశాను అని. నా చెవులు చిల్లులు పడిపోయాయి."

జరిగింది ఇదీ. అది ఫ్లాస్కుల లోపలి స్టీలు గిన్నెలు తయారుచేసే వర్క్‌షాపు. చదునైన రేకుని డై అనే ఉక్కు అచ్చు మీద పెట్టి ప్రెస్సు దింపితే, రేకు డై రంధ్రంలోకి సాగి లోతైన గిన్నెలా దిగుతుంది. మామూలుగా అయితే స్టీలు అంత లోతుకి లొంగదు, చిరిగిపోతుంది. అందుకని డైని బిగించిన ఉక్కు దిమ్మని సెకనుకి ఇరవై వేలసార్లు అదిరించే అల్ట్రాసోనిక్ యంత్రం ఒకటి తెచ్చిపెట్టారు. ఆ అదురు కంటికి కనపడదు, చెవికి వినపడదు. కానీ అదురుంటే రాపిడి తగ్గిపోయి, మొండికేసిన స్టీలు కాస్తా పిండిలా లొంగుతుంది. ప్రెస్సు అంత గట్టిగా నొక్కక్కర్లేదు. అదురు పుట్టించే పెట్టెకి పనివాళ్లు పెట్టుకున్న పేరు మూగపెట్టె.

మరి మోత లేని యంత్రం పనిచేస్తోందో లేదో తెలిసేదెట్లా? దానికి వాళ్లకో పద్ధతుంది. చుక్క పెట్టడం అంటారు. వేలు నీళ్లలో ముంచి దిమ్మ మీద ఒక చుక్క రాలుస్తారు. అదురుంటే చుక్క అక్కడికక్కడే తెల్లటి పొగలా లేచిపోతుంది. లేస్తే ప్రెస్సు దింపొచ్చు. లేవకపోతే ఎంతటివాడైనా చెయ్యి వెయ్యకూడదు.

నాలుగు రోజుల కిందట, పొద్దున ఎనిమిదీ పదికి, ప్రెస్సు నడిపే పెద్దమేస్త్రి చుక్క పెట్టాడు. తెల్లగా లేచింది. ప్రెస్సు దింపాడు. దిమ్మలో డైగా కూర్చున్న గట్టి రింగు ఫెళ్లున పగిలి ఒక ముక్క వచ్చి ఆయన మెడలో దిగింది. ఎనిమిదీ పద్నాలుక్కి ప్రాణం పోయింది. తీరా చూస్తే మూగపెట్టె ఆగిపోయి ఉంది. దాని దగ్గర నిలబడ్డ మనిషి ఒక్కతే, ఆయన కన్నకూతురు.

ఆ కూతురు ఇప్పుడు స్టేషన్ వెనక గదిలో బల్ల ముందు కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. ఆ షాపుకి ఇంజనీరు. మూగపెట్టె బాధ్యత ఆమెదే. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"స్విచ్చి ఎప్పుడు వేశావమ్మా?"

"ఎనిమిదీ తొమ్మిదికి. పచ్చదీపం వెలిగింది మేడమ్. కళ్లారా చూశాను."

"తరవాత?"

"నాన్న వైపు తిరిగాను. చుక్క పెట్టారు. మామూలుగా ఒకటే పెడతారు. ఆ రోజు మూడు పెట్టారు. మూడూ లేచాయి. 'లేచింది' అని కేకేశారు. రోజూ అలాగే కేకేస్తారు."

"మళ్లీ పెట్టె వైపు చూశావా?"

"లేదు. చుక్క లేచాక ఇంకేం చూస్తాం?" ఆమె తన కుడిచేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టి దానివైపే చూసింది. "ఇన్‌స్పెక్టరు గారు చెప్పేదీ అదే కదా. చుక్క లేచినప్పుడు అదురుంది, ప్రెస్సు దిగేటప్పటికి లేదు, మధ్యలో ఆపడానికి అక్కడ నువ్వు తప్ప ఎవరున్నారు అని. వినీ వినీ నాకే అనుమానం పట్టుకుంది మేడమ్. నా చెయ్యే తగిలిందా? తెలియకుండా నేనే నొక్కేశానా?"

"ముందురోజు నాన్నతో గొడవపడ్డావట."

"పడ్డాను. పని సాగడం లేదని అందరి ముందూ అరిచాను. ఆయన తిరిగి ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక నేను మాట్లాడలేదు. పొద్దున విడివిడిగా వచ్చాం." బల్ల మీది చేతిని వెనక్కి లాక్కుంది. "అమ్మ నన్ను చూడ్డానికి రాలేదు. నేనే చంపాననుకుంటోందా?"

"పిచ్చిపిల్లా, నన్ను పంపిందే మీ అమ్మ. నువ్వు ఇంటికొచ్చేదాకా పొయ్యి వెలిగించనని మొండికేసి కూచుంది."

ఆ మాటకి ఆ పిల్ల బల్ల మీద తల పెట్టి భోరుమంది. డిటెక్టివ్‌కి ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఎప్పుడూ తెలియదు. కాసేపు ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసి నిలబడి, తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

పన్నెండూ ఐదుకి వర్క్‌షాపులో ఉంది. వెనకే ఇన్‌స్పెక్టరు తోకలా తగులుకున్నాడు.

ప్రెస్సు పక్కన, సీలు వేసిన గుడ్డ కింద ఆ దిమ్మ ఉంది. రింగు పగిలినా దిమ్మ చెక్కుచెదరలేదు. డిటెక్టివ్ మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వాలుగా పట్టి, భూతద్దంలోంచి అంగుళం అంగుళం చూసుకుంటూ పోయింది. ఒకచోట ఆగింది. గోరంత తెల్లటి వలయాలు, పక్కపక్కనే మూడు. వేలితో గీకి ఆ పొడిని నాలిక్కి తగిలించుకుంది.

"ఛీ ఛీ, ఏంటొదినా ఆ పని!"

"ఉప్పగా ఉంది. నీళ్లు ఇగిరిపోయి మిగిలిన ఉప్పు. పెద్దమేస్త్రి పెట్టిన మూడు చుక్కలివి."

"పెట్టాడుగా మరి, ఉండవా?"

"ఉండవు, అదురుతో లేచిన చుక్క మరక వదలదు. ఈ దిమ్మని రోజూ సాయంత్రం కిరసనాయిలుతో తుడుస్తారు, కాబట్టి ఇవి పాతవీ కావు. దీనికి జోడు దిమ్మ అల్మరాలో ఉందిట. దాన్ని తెప్పించు. నీ కళ్లతో నువ్వే చూద్దువుగాని."

జోడు దిమ్మని బిగించి, తీగ తగిలించి, డిటెక్టివ్ స్వయంగా మూగపెట్టె మీట నొక్కింది. పచ్చదీపం వెలిగింది. వేలితో చుక్క రాల్చింది. చుక్క చప్పుడు లేకుండా తెల్లగా లేచి మాయమైంది. మీట ఆపి, ఆ చోటు మీద టార్చి వేసింది. మరక లేదు.

"అదురు చుక్కని చుక్కలాగే తుంపర చేసి ఎగరగొడుతుంది. నీళ్లతోబాటు ఉప్పూ పోతుంది. ఇప్పుడు ఇది చూడు."

గ్యాసు మంట వెలిగించి దిమ్మకి చుట్టూ పట్టించింది. బాగా కాలిందనిపించాక మంట తీసేసి, మీట నొక్కింది. పచ్చదీపం వెలిగింది. పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు..." ఆరు అనబోతుండగా మీట టక్కున పైకి వచ్చేసింది. దీపం ఆరిపోయింది. ఎవరూ దాని మీద చెయ్యి వెయ్యలేదు.

ఇన్‌స్పెక్టరు ముందుకొచ్చి మీటని వంగి చూశాడు.

"ప్రతి దిమ్మకీ అదిరే తీరు ఒకటుంటుంది. వేడెక్కితే ఆ తీరు మారిపోతుంది. పెట్టె దానికోసం వెతికి వెతికి, దొరక్కపోయేసరికి తనంతట తనే ఆగిపోతుంది." ఆవిడ ఆగిపోయిన యంత్రం మీదనే చుక్క రాల్చింది. సుయ్యిమని తెల్లగా లేచింది. దిమ్మ మీద తెల్లటి వలయం మిగిలింది. "ఇది అదురు కాదు, ఉత్త ఆవిరి. పని నడిచేటప్పటి మోతలో ఆ సుయ్యిమనడం ఎవరికి వినపడుతుంది? చూసినవాళ్లకి రెండూ ఒకటే. ఆ రోజు ఎవరూ ఏదీ ఆపలేదు, మరిదిగారూ. యంత్రం ఆరు సెకన్లలో ఆగింది. ఆ తరవాతే చుక్క లేచింది."

"అయితే ఆ పిల్లే దిమ్మని కాల్చిపెట్టింది!"

"కేసు పోతుంటే నీకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. గేటు దగ్గర కార్డుల లెక్క నీ దగ్గరే ఉందిగా. ఆమె లోపలికొచ్చింది ఏడూ యాభై ఐదుకి. ఇంత ఇనుము కాగడానికి ఆ టైము చాలుతుందా? మంట పెడుతుంటే పది మంది చూడరా?"

"మరెవరు?"

"రింగు మార్చినప్పుడే దిమ్మకి మంట పెడతారు. వేడికి దిమ్మ సాగుతుంది, రింగు అందులో కూర్చుంటుంది, చల్లారాక దిమ్మ దాన్ని ఉడుంపట్టు పట్టుకుంటుంది. చల్లారకుండా పని మొదలుపెడితే ఆ పట్టు ఉండదు. రింగు పగిలిందీ అందుకే. రింగు కూర్చోబెట్టేది ఎవరు?"

"ఫిట్టరు. కానీ ముందురోజు సాయంత్రం ఐదింటికే కూర్చోబెట్టానని రాసిచ్చాడు. ఐదింటికి కాల్చింది తెల్లారి ఎనిమిదింటికి వేడిగా ఉంటుందా, వదినా?"

"అదే నేనూ అడగబోతున్నాను."

ఫిట్టరు మెషీన్ల వెనక బెంచీ మీద ఒంటరిగా కూర్చుని, పక్కనున్న టీ గ్లాసుని చేత్తో తడుముకుని అందుకుంటున్నాడు. అరవై దగ్గర పడ్డ మనిషి. పెద్దమేస్త్రీ అతనూ ముప్ఫై ఏళ్లుగా ఒకే ప్రెస్సు మీద పనిచేశారు. చుట్టరికం లేకపోయినా బావా బావా అని పిలుచుకునేవారు. చుక్క లేవడం తనూ చూశానని సాక్ష్యం రాసిచ్చింది ఇతనే.

డిటెక్టివ్ అతని పక్కన కూర్చుంది. "రింగు ఎప్పుడు కూర్చోబెట్టారు?"

"ముందురోజు సాయంత్రం ఐదింటికమ్మా."

"దీని కొలత ఎంతో చెప్పండి," అని కొత్త రింగునీ కొలత పరికరాన్నీ కలిపి అతని చేతిలో పెట్టింది. పరికరం దవడల్ని తనే బిగించి ఉంచింది. అతను కళ్లకి దగ్గరగా పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి, "అరవై రెండున్నర," అన్నాడు.

"సరిగ్గా చూడండి."

"అరవై రెండున్నరేనమ్మా. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నా."

"దాని మీద నలభై పెట్టాను, ఫిట్టరు గారూ."

అతని చేతిలోంచి రింగు జారి నేలమీద దొర్లుకుంటూ పోయింది. అది ఎటు పోయిందో అతను చూడలేకపోయాడు. పక్కకి ఒంగి గాలిలో తడుముకున్నాడు. డిటెక్టివ్ వంగి రింగు తీసి అతని చేతిలో పెట్టింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఆరు నెలలు." తల దించుకున్నాడు. "కంటి నరం ఎండిపోతోందన్నారు. ఆపరేషను లేదన్నారు. ఇంట్లో కూడా చెప్పలేదు. బావ ఒక్కడికే తెలుసు."

"గేటు లెక్కలో పెద్దమేస్త్రి ఆరు నెలలుగా రోజూ ఏడింటికే వస్తున్నట్టు ఉంది. ఆ రోజు ఏడూ నాలుక్కి వచ్చాడు. మీరు ఏడూ యాభై రెండుకి. ఆ గంటలో ఆయన ఏం చేసేవాడు?"

"నా పని చేసేవాడమ్మా. రింగు రోజూ మారుస్తాం. కాగిన దిమ్మలో దాన్ని గీతకి గీత కలిపి, రెండు సెకన్లలో వంకర లేకుండా దింపాలి. నాకు గీతే కనపడదు. సాయంత్రం అందరి ముందూ ఊరికే మంట వెలిగించి, రింగు పైపైన పెట్టి వెళ్లిపోయేవాణ్ణి. పొద్దున ఏడింటికి గేటు తియ్యగానే, ఎవరూ రాకముందే బావ వచ్చి, మళ్లీ కాల్చి, సరిగ్గా కూర్చోబెట్టేవాడు. నా సంగతి బయటపడితే మర్నాడే పంపించేస్తారు. 'నేనున్నన్నాళ్లూ నీకేం కాదు బావా' అన్నాడు."

"మరి చుక్క లేవడం మీరు చూశారా?"

"ఏం చూస్తాను? బావ 'లేచింది' అన్నాడు. లేచిందని నేనూ రాసిచ్చాను. ఆ పిల్ల నా చేతుల మీద పెరిగిందమ్మా. దాన్ని ముంచేసేది నా మాటేనని తెలిస్తే నాలిక కోసుకునేవాణ్ణి."

ఇన్‌స్పెక్టరు గోడకి చేరబడి వింటున్నాడు.

"ఇంకొక్కటే," అంది డిటెక్టివ్. "ఆరు నెలలుగా జరగనిది ఆ రోజే ఎందుకు జరిగింది?"

"బావ ఎప్పుడూ ఎనిమిదిన్నరదాకా ప్రెస్సు దింపనిచ్చేవాడు కాదు. నూనె రాస్తున్నాననీ బోల్టులు చూస్తున్నాననీ ఏవో సాకులు చెప్పి నెట్టుకొచ్చేవాడు. ఆ లోపల దిమ్మ చల్లారిపోయేది. ఆ రోజు ఏడుంబావుకే మంట పెట్టాడట, నేనొచ్చేసరికి గాలిగొట్టం పెట్టి చల్లారుస్తున్నాడు. ఇంకా వేడిగా ఉంది కదా బావా అన్నాను. 'చుక్క పెడితే తెలిసిపోతుందిగా. పెట్టె అదురు పట్టుకోకపోతే చుక్క లేవదు, అప్పుడు ఆపేద్దాం' అన్నాడు. ఆవిరి సంగతి ఆ తొందరలో ఇద్దరికీ తట్టలేదు. అనుమానం మాత్రం ఉన్నట్టుంది, మూడుసార్లు పెట్టి చూసుకున్నాడు."

"తొందరేమిటి? ఎనిమిదిన్నరదాకా ఆగొచ్చుగా."

"నన్నడక్కండమ్మా. అదిగో, ఆ బోర్డు మీద ఉంది. చదువుకోండి. నాకు బావే చదివి వినిపించాడు."

డిటెక్టివ్ లేచి బోర్డు దగ్గరికి నడిచింది. తెల్ల కాగితం మీద నాలుగు పిన్నులు గుచ్చి ఉన్నాయి. ప్రమాదానికి ముందురోజు తారీకు. *రేపటి నుంచి పొద్దున ప్రెస్సు సరిగ్గా ఎనిమిదీ పదికి దిగాలి. ఎవరికీ మినహాయింపు లేదు. పెద్దమేస్త్రికి కూడా.* కింద కూతురి సంతకం.

ఆవిడ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. ఆ పిల్లని విడిపించడానికి పొద్దున్నుంచీ ఒక్కొక్క రాయీ పేర్చుకుంటూ వచ్చింది. తీరా చూస్తే, అవన్నీ వెళ్లి ఆ పిల్ల నెత్తినే పడేట్టున్నాయి.

మూడూ ఐదుకి స్టేషన్‌కి చేరారు. ఇన్‌స్పెక్టరు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని రిపోర్టు రాశాడు. ప్రమాదమే, నేరం లేదు, విడుదల చెయ్యవచ్చు. సంతకం పెట్టి, కలం మూత పెట్టి, తలెత్తాడు.

"బోర్డు మీది కాగితం గురించి ఇందులో రాయలేదు. నువ్వూ ఆ అమ్మాయికి చెప్పకు, వదినా. నీకు దణ్ణం పెడతాను. ఫిట్టరు నోరు తెరవడు. ఆమె ఇంటికి పోతుంది, తల్లిని చూసుకుంటుంది. కొన్ని సంగతులు తెలియకపోవడమే మేలు."

"మీ అన్నయ్య పోయినప్పుడు నాకేం చెప్పావు?"

అతని మొహంలో రంగు మారింది. "ఇప్పుడు అదెందుకు?"

"బాధ తెలియకుండా, ఒక్క క్షణంలో పోయాడని చెప్పావు. నలభై నిమిషాలు బతికున్నాడు. నా పేరు పెట్టి పిలిచాడట. మూడేళ్ల తరవాత ఆ వార్డు నర్సు చెబితే తెలిసింది. నామీద జాలితోనే చెప్పావు, నాకు తెలుసు. కానీ ఆ మూడేళ్లూ నేను నీ మాటే పట్టుకుని బతికాను రా. అదీ పోయింది."

ఇన్‌స్పెక్టరు కళ్లు తుడుచుకోవడానికి కూడా మొహం చాటు చేసుకోలేదు. "మరైతే చెప్పేస్తావా?"

"నాకు తెలీదు," అంది ఆవిడ. నిజంగానే తెలీదు. తలుపు తోసుకుని లోపలికెళ్లింది.

కూతురు లేచి నిలబడింది. "ఎవరు ఆపారు మేడమ్?"

"ఎవరూ ఆపలేదు. నీ చెయ్యి కాదు. ఇంకెవరి చెయ్యీ కాదు. నువ్వు ఇంటికి వెళ్లొచ్చు."

ఆ పిల్ల మొహం ఒక్కసారిగా తేటపడింది. కుర్చీలో కూలబడి, కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుంది. డిటెక్టివ్ ఉన్నదున్నట్టు చెప్పుకొచ్చింది. వేడి దిమ్మ, ఆగిపోయిన పెట్టె, అదురులా కనపడ్డ ఆవిరి, ఫిట్టరు కళ్లు, ఆరు నెలలుగా తండ్రి పొద్దున్నే వచ్చి చేస్తున్న పని. బోర్డు మాట ఎత్తలేదు. ఎత్తడానికి నోరు రాలేదు.

"మావయ్యకి కళ్లు కనపడవా? నాన్నా..." ఆ పిల్ల నవ్వుతూనే ఏడ్చింది. "ఇంట్లో కూడా చెప్పలేదు, చూశారా? ఎవరి రహస్యమైనా ఆయన కడుపులో పడితే అంతే. ఇంతకీ మంట ఎన్నింటికి పెట్టారు?"

"ఏడుంబావుకి."

"రింగు కూర్చునేసరికి ఏడూ ముప్ఫై ఐదు అవుతుంది." ఇంజనీరు కదా, లెక్క దానంతటదే పరిగెత్తింది. "అక్కణ్ణుంచి గాలిగొట్టం పెడితే, యాభై నిమిషాలు. ఎనిమిదీ ఇరవై ఐదు. ఎనిమిదిన్నర కల్లా..."

అక్కడ ఆగిపోయింది. గుమ్మంలో ఇన్‌స్పెక్టరు వచ్చి నిలబడ్డాడు.

"ఏడింటికే వచ్చి ఎనిమిదిన్నరదాకా ఏం వెలగబెడుతున్నారు అని అరిచాను మేడమ్," అంది మెల్లిగా. "అందరి ముందూ. అప్పుడు నాన్న నోరు తెరిచారు. ఏదో చెప్పబోయారు. మావయ్య పక్కనే ఉన్నారు. ఆయన వైపు చూసి, నోరు మూసుకున్నారు. జవాబు లేక ఊరుకున్నారనుకున్నాను."

"అమ్మా, నువ్వు ఇంక వెళ్లొచ్చు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "బండి పెట్టిస్తాను."

ఆ పిల్ల వినిపించుకోలేదు. డిటెక్టివ్ కళ్లలోకే చూస్తోంది.

"నిజం చెప్పండి మేడమ్. నేను ఆ కాగితం పెట్టకపోతే, ఎప్పటిలాగే ఎనిమిదిన్నరకి మొదలుపెడితే, నాన్న బతికేవారా?"

ఆ పిల్ల వెనకనుంచి ఇన్‌స్పెక్టరు వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు. డిటెక్టివ్ అతన్ని చూసింది. ఆ పిల్లని చూసింది.

"బతికేవారమ్మా," అంది.

తరవాత కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ పిల్ల పక్కన కూర్చుంది. నాలుగు దాటింది, నాలుగున్నర అయింది. బయట బండి ఎదురుచూస్తూనే ఉంది. ఆ పిల్ల లేవలేదు, డిటెక్టివ్ కూడా లేవలేదు.